మడ్డి మాస్టారూ, మా ఇంటి నికెలూ

మా బావమరిదికి మడ్డి మాస్టారని పేరు పెట్టింది నేనే. అది ఎంత బాగా అతుక్కుందంటే, ఒకసారి వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి అసలు పేరు చెప్పి అడిగితే, అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరన్నారు. మడ్డి మాస్టారున్నారా అంటే మాత్రం, "మళ్ళ దగ్గరున్నారు, పిలవమంటారా?" అన్నారు.

నిజానికి అతను మాస్టారు కాడు. అడగకపోయినా పాఠం చెబుతాడు, అది వేరే సంగతి. ఊరి మురుగునీళ్ళు శుద్ధి చేసే కేంద్రంలో సూపర్‌వైజరు. మనమందరం ఫ్లష్ నొక్కి, చేతులు కడుక్కుని మర్చిపోయినవాటి గురించి రోజుకి ఎనిమిది గంటలు ఆలోచించడం అతని ఉద్యోగం. నీళ్ళు తేరుకుని ఏటిలోకి వెళ్ళిపోయాక అడుగున నల్లగా, చిక్కగా మిగిలేదాన్ని వాళ్ళు మడ్డి అంటారు. దాన్ని గాలి చొరని ఓ పెద్ద గుమ్మటంలో నెల్లాళ్ళు మగ్గబెడతారు. తర్వాత ఇసుక పరిచిన మళ్ళలో పోసి పది రోజులు ఎండబెడతారు. అప్పటికి రోగాలు తెచ్చే క్రిములు చాలావరకు చచ్చిపోయి, అది నెర్రెలు విచ్చిన నల్లమట్టిలా తయారవుతుంది. "వాన వెలిశాక తోటలో వచ్చే వాసన వస్తుంది బావా," అంటాడు. ఆ తోట ఎక్కడుందో నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వస్తాడు. వచ్చేముందు రెండుసార్లు స్నానం చేస్తాడని మా ఆవిడ మరదలు, అంటే అతని భార్య, ఒట్టేసి చెప్పింది. అయినా అతను గుమ్మంలో అడుగు పెట్టగానే, "కిటికీలు తియ్యండి, మాస్టారొచ్చారు!" అని నేను కేకేసేవాణ్ణి. అతను కోపం తెచ్చుకోకపోగా, తనే వెళ్ళి కిటికీ తలుపులు తీసి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అలాంటి మనిషిని ఏడిపించడంలో సరదా ఉండదు. కానీ నేను పట్టుదల గల మనిషిని, పన్నెండేళ్ళు వదల్లేదు.

అతనికున్న పెద్ద జబ్బు నిజం చెప్పడం. ఒక ఆదివారం అందరం సగం భోజనంలో ఉండగా, "అక్కా, నీ జల్లెడ కన్నాలు సరిగ్గా సరిపోయాయే," అన్నాడు. ఏ జల్లెడరా అంది మా ఆవిడ. "పిండి జల్లెడ. పోయినవారం పట్టుకెళ్ళా కదా. ఎండిన మడ్డి ఎంత మెత్తగా పొడి కావాలో చూద్దామని. మూడుసార్లు సబ్బుతో కడిగి, మరిగే నీళ్ళలో కూడా వేశా. ఏం భయం లేదు." మేం తింటున్న రొట్టెల పిండి ఆ పొద్దున ఆ జల్లెడలో జల్లించిందే. అక్కడితో భోజనం ముగిసింది. చెప్పకుండా ఊరుకుంటే పోయేది కదరా అంటే, "అడిగారుగా," అన్నాడు అమాయకంగా.

అతనికి ఒక కోరిక ఉంది. ఎండిన మడ్డిని పార్కులకీ పూలతోటలకీ ఎరువుగా ఇవ్వాలని. ఏటేటా ఓ సంచి మడ్డి పరీక్షకి పంపేవాడు. ఏటేటా అదే జవాబు వచ్చేది: నికెల్ లోహం హద్దు మీరి ఉంది, ఎరువుకు పనికిరాదు. అలా తొమ్మిదేళ్ళు. ఎరువు కావాల్సిన మడ్డిని లారీలకెత్తి చెత్తగుట్ట మీద పోయించేవాడు. మొదటి ఏడాది దిగులుపడ్డాడు. తర్వాత నోటుపుస్తకం పెట్టాడు. రోజూ వచ్చే మురుగులో నికెల్ ఎంతుందో అందులో రాసుకునేవాడు. దానికతని దగ్గర ఓ చిన్న సీసా మందు ఉంది. నికెల్ ఉన్న నీళ్ళలో ఆ మందు రెండు చుక్కలు వేస్తే గులాబీ రంగు తేలుతుంది. ఎంత నికెలుంటే అంత ఎరుపు.

"ఒక సంగతి కనిపెట్టా బావా," అన్నాడు ఒక ఆదివారం. "వాన పడ్డ రోజే ఎరుపెక్కుతోంది. ఎండ రోజుల్లో ఏం లేదు. అంటే ఏంటి? రోడ్ల మీద బళ్ళ నుంచి రాలే లోహం వానకి కొట్టుకొస్తోందన్నమాట."

"అవునవును, రోడ్లే!" అన్నాను నేను. "బళ్ళు ఎంత పెరిగిపోయాయి! రోడ్లే అయ్యుంటాయి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆ రోజు నన్ను చూసినవాళ్ళకి తెలిసి ఉండాలి. కానీ చూసినవాడు మా బావమరిది. బావ తన పరిశోధన మీద ఇంత శ్రద్ధ చూపించాడని పొంగిపోయి, ఇంకో గంట రోడ్ల గురించి చెప్పాడు.

ఇక నా సంగతి. నాకు నికెల్ పూత వేసే షాపు ఉంది. కుళాయిలు, తలుపు పిడులు, గొడుగు కాడలు, అద్దాల చట్రాలు ఏవి తెచ్చినా తొట్లో ముంచి వెండిలా మెరిపించి పంపుతాం. మేస్త్రితో కలిపి పదకొండుమంది పనివాళ్ళు. పూత వేశాక ప్రతి వస్తువునీ మూడు తొట్ల నీళ్ళలో కడగాలి. ఆ కడుగునీళ్ళు లేత ఆకుపచ్చగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఆ రంగంతా నికెలే.

ఒకరోజు కాలుష్యం ఆఫీసు నుంచి ఓ అధికారిణి వచ్చింది. షాపు వెనక కాలవ నుంచి సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళింది. వారానికి కాగితం వచ్చింది. లీటరు నీటిలో మూడు మిల్లీగ్రాములకు మించి నికెల్ ఉండకూడదు, మీ నీటిలో నలభై ఉంది. అరవై రోజుల్లో సరిచేసి మళ్ళీ నమూనా ఇవ్వాలి, ఆ నమూనా కూడా తప్పితే కరెంటు తీసేసి షాపు మూసేస్తాం. అంతే సంగతి. నీళ్ళు శుద్ధి చేసే యంత్రం వెల కనుక్కుంటే, అది కొనాలంటే నా షాపు రెండుసార్లు అమ్మాలి.

"మా తమ్ముణ్ణి అడగండి," అంది మా ఆవిడ.

"మురుగువాణ్ణి సలహా అడిగే గతి నాకింకా పట్టలేదు," అన్నాను. పద్నాలుగు రోజుల తర్వాత ఆ గతి పట్టింది.

అడగ్గానే అతని మొహం చూడాలి. పెళ్ళిచూపుల్లో కూడా అంత వెలిగి ఉండదు. "బావా, మీరడుగుతారనే ఇన్నాళ్ళు చూస్తున్నా! మడ్డి లోహాన్ని పట్టుకుంటుంది. చొక్కా పసుపు మరకని పట్టుకున్నట్టు పట్టుకుని వదలదు. ఎండబెట్టి, పొడిచేసి, నీళ్ళు దానిగుండా మెల్లగా పోనిస్తే చాలు. లోహం మడ్డిలో ఉండిపోతుంది, నీళ్ళు బయటికొస్తాయి."

మర్నాడే రెండు సంచులు తెచ్చాడు. ముక్కుకి గుడ్డలు కట్టుకుని పదకొండుమందీ చుట్టూ చేరారు. ఒక డ్రమ్ములో అడుగున గులకరాళ్ళు, పైన ఇసుక, ఆ పైన మడ్డిపొడి వేశాడు. పైనుంచి మా ఆకుపచ్చ నీళ్ళు పోశాడు. కిందనున్న కుళాయి నుంచి చుక్కచుక్కగా నీళ్ళు దిగాయి. రెండు గాజుగ్లాసులు తీసుకుని ఒకదాంట్లో లోపలికి పోసిన నీళ్ళు, రెండోదాంట్లో బయటికొచ్చినవి పట్టి, రెంటిలోనూ మందు వేశాడు. మొదటి గ్లాసు ఎర్రబడింది. రెండో గ్లాసు ఇంకాస్త ఎక్కువ ఎర్రబడింది.

"శభాష్ మాస్టారూ!" అన్నాను. "నా నికెల్ తీసెయ్యమంటే నీ నికెల్ కూడా కలిపి ఇచ్చావా?"

అందరూ పగలబడి నవ్వారు. మేస్త్రి అయితే కళ్ళు తుడుచుకున్నాడు. మా బావమరిది మాత్రం నవ్వలేదు. పన్నెండేళ్ళలో నా హాస్యానికి అతను నవ్వకపోవడం అదే మొదటిసారి. సంచిలోంచి గుప్పెడు మడ్డి తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసుకున్నాడు. సంచి భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చాడు. ఆదివారం కాదు. కిటికీ జోలికి పోకుండా తిన్నగా వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. నోటుపుస్తకం తెరిచాడు. మా ఆవిడ టీ తెచ్చి పక్కనే నిలబడింది.

"మడ్డిలో చోటు లేదు బావా," అన్నాడు. "కడుపు నిండినవాడి ముందు కంచం పెడితే ఏం తింటాడు? అది ముందే నికెల్‌తో నిండిపోయుంది. మీ నీళ్ళలో కాస్త పులుపుందిగా, దానికి కొంత తిరిగి వదిలేసింది కూడా. పొద్దున కొలిచి చూశా. ఇంత నికెల్ రోడ్ల మీద నుంచి రాదు. ఊళ్ళో బళ్ళన్నీ అరగదీసి పోసినా రాదు."

"మరెక్కణ్ణుంచి వస్తుందిరా?" అంది మా ఆవిడ.

"అదే అడుగుదామనొచ్చానక్కా. బావా, ఈ ఊళ్ళో నికెల్ పూత వేసే షాపులెన్ని?"

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, ఇంటావిడ పట్టేస్తుంది. మా ఆవిడ ఆ ప్రశ్న విని నా మొహంలోకి చూసింది. నేను టీకప్పులోకి చూశాను.

"ఒక్కటే," అంది ఆవిడే. "ఏమండీ, వాన వచ్చినప్పుడల్లా మీరు షాపుకి ఫోన్ చేసి మేస్త్రితో, పెద్ద తొట్టి చూసుకో అంటారే, ఏంటది?"

చెప్పేశాను. షాపు లోపల నుంచి ఊరి మురుగు కాలవలోకి ఓ పైపు ఉంది. కడుగునీళ్ళలో కొంత కొంత వెనక కాలవకి వదిలి, బాగా చిక్కబడినవి పెద్ద తొట్టిలో నింపి ఉంచేవాళ్ళం. గట్టి వాన పడ్డ రోజున ఆ పైపు తీసేవాళ్ళం. వాననీళ్ళలో కలిసిపోతే ఎవరికి తెలుస్తుంది? ఎప్పటినుంచి అంటే, పూత తొట్లు కొత్తవి వేసినప్పటి నుంచి. తొమ్మిదేళ్ళ పైనే. ఆ పైపు అవతలి కొస ఎక్కడికి వెళ్తుందో నేను ఆలోచించలేదని చెబితే అబద్ధం. మా బావమరిది దగ్గరికే వెళ్తుందని నాకు తెలుసు. అతని ఎరువు పరీక్ష తప్పినప్పుడల్లా, వచ్చే ఏడు చూద్దువులే అని భుజం కూడా తట్టాను.

ఆ మాట చెబుతున్నప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. పట్టుబడ్డందుకు కాదు, భుజం తట్టినందుకు.

అతను తిట్టలేదు. పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. వానలన్నీ ఉన్నాయి అందులో, తేదీలతో సహా. "తొమ్మిదేళ్ళు రోడ్లని అనుమానించాను బావా," అన్నాడు చివరికి. "మీరు కూడా రోడ్లే అన్నారుగా."

మా ఆవిడ ఏడుస్తూ లోపలికెళ్ళిపోయింది. అతను చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి లేచాడు. "రేపు సాయంత్రం ఐదింటికి దీని మీద నేను రిపోర్టు పంపాలి. పంపుతాను. మీరు మధ్యాహ్నంలోపు కాలుష్యం ఆఫీసుకి వెళ్ళి మీ నోటితో చెప్పేస్తే, షాపువాళ్ళే వచ్చి ఒప్పుకున్నారని అందులో రాయొచ్చు. లేకపోతే అది రాయను. అంతే తేడా."

"నా సొంత బావమరిదివై ఉండి..." అన్నాను.

"అందుకేగా ఒక రోజు ఆగుతున్నా," అన్నాడు.

మర్నాడు పదకొండింటికల్లా ఆ అధికారిణి ముందు నిలబడ్డాను. ఆమె అంతా విని, అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. జరిమానా వేరే కాగితంలో వస్తుందంది. తొట్లకి ఆ రోజే సీలు వేస్తామంది. గడువు మాత్రం ఒక్క రోజు కూడా పెరగదంది. "నమూనా బాగుంటే సీలు తీస్తాం. లేదంటే మీకు తెలుసు." పైపు మాత్రం నా చేతులతోనే మూశాను. మేస్త్రి సిమెంటు కలిపి ఇచ్చాడు. సగం నా చొక్కా మీదే పడింది.

అప్పటికి నలభై మూడు రోజులు మిగిలాయి. కేంద్రంలో రెండు గుమ్మటాలుంటే, ఒకటి మరమ్మతుకని ఖాళీగా ఉంది. పైపు మూశాక వచ్చే మడ్డితో దాన్ని నింపుతానన్నాడు మా బావమరిది. ముప్ఫై రోజులు మగ్గాలి, పది రోజులు ఎండాలి. పొడి చేయడానికీ, నీళ్ళు పోసి చూడ్డానికీ మూడు రోజులు. నికెల్ లేని మడ్డి ఈ ఊళ్ళో తొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి పుడుతుందని, పుట్టబోయే మనవడి గురించి చెబుతున్నట్టు చెప్పాడు.

"ఇంత చేసినా నాకెందుకు సాయం చేస్తున్నావురా?" అని అడిగేశాను. ఉండబట్టలేక.

"మీ మీద ప్రేమ కారిపోయి అనుకున్నారా? మీ షాపులో పదకొండుమందున్నారు. వాళ్ళు పైపు పెట్టమన్లేదుగా. ఇంకోటి, అక్క ఏడిస్తే నాకు అన్నం సహించదు." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "అసలు నా మడ్డి పనిచేస్తుందో లేదో నాకు తెలియాలి బావా," అన్నాడు. మూడింట్లో ఆఖరిదే అసలు సంగతని నా అనుమానం.

షాపు మూతపడి ఖాళీగా ఉన్నాం కనక, మళ్ళు తయారుచేసే పనికి నన్నూ మా మేస్త్రినీ పిలిచాడు. నాకని రెండు సైజులు పెద్దవైన రబ్బరు బూట్లు తీసి ఉంచాడు. అడుగు వేస్తే కాలు ముందు, బూటు వెనక. ఇసుక చదును చేశాం, గడ్డి పీకాం, గట్లు కట్టాం. ముప్ఫై ఒకటో రోజున గుమ్మటం తెరిచి మడ్డి మళ్ళలోకి వదిలారు. పొద్దునా సాయంత్రం దంతె పట్టుకుని దాన్ని తిరగెయ్యడం మా పని. మూడు రోజులకి ముక్కుగుడ్డ తీసేశాను. నాలుగో రోజు ఇంటికెళ్తే, మా ఆవిడ లేచి వెళ్ళి కిటికీలన్నీ తీసింది.

పక్క మళ్ళలో రోజుకొకటిగా పోసిన పాత మడ్డి మీద, పదును ఎలా చూడాలో కూడా నేర్పాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపాలి. అంటుకుంటే తడి ఉన్నట్టు, పొడిపొడిగా రాలితే అయినట్టు. "ఇది ఏడో రోజుది," అన్నాను ఒకసారి గొప్పగా. "ఐదోది," అన్నాడు. "ఏడోది మీ బూటులో ఉంది."

ఆరో రోజున మబ్బు పట్టింది. ఇన్నేళ్ళూ మబ్బు చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు గుండె జారిపోయింది. టార్పాలిన్ పట్టాలు లాగి మళ్ళమీద కప్పుతుంటే ఒక కొస నేను, ఒక కొస మేస్త్రి, మధ్యలో మా బావమరిది మడ్డిలో మోకాళ్ళదాకా దిగి పరిగెత్తుతున్నాడు. నా బూటు ఊడిపోయింది, వెనకే నేనూ పడ్డాను. పడ్డచోటు ఎక్కడో చెప్పక్కర్లేదు. వాన రెండు రోజులు వదల్లేదు. పట్టాల కింద మడ్డి తడవలేదు గానీ, ఎండలేదు కూడా. గడువుకి ఐదు రోజులుంది.

ఇప్పుడు ఎండాలంటే ఇంకో వారం కావాలన్నాడు మా బావమరిది. గట్టు మీద కూర్చుని పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. రాసిందే కొట్టేసి మళ్ళీ రాస్తున్నాడు. నేనతన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు నాకు తట్టింది. "మా షాపులో ఓవెనుందిగా," అన్నాను. పూత వేశాక సరుకు ఆరబెట్టే పెద్ద ఓవెన్ అది. సీలు వేసింది తొట్లకే, దానికి కాదు.

"మీ ఓవెన్లోనా?" అన్నాడు. "తలుపు పిడులు పెట్టే ట్రేల మీద నా మడ్డా?"

"పెట్టు. తలుపు పిడులకేం తక్కువైపోదు."

రెండు రోజులు మార్చి మార్చి ట్రేలు లోపల పెట్టి, బయటికి తీశాం. వీధి మొత్తం మా షాపు వైపు ముక్కు మూసుకుని చూసింది. ఎదురింటాయన వచ్చి, ఏం వండుతున్నారండీ అని అడిగాడు. మా బావమరిది నోరు తెరిచేసరికి అతని నోరు మూశాను.

యాభై తొమ్మిదో రోజు పొద్దున. ఈసారి మూడు డ్రమ్ములు, ఒకదాని నీళ్ళు ఇంకొకదాంట్లో పడేట్టు మెట్లలా పెట్టాం. నీళ్ళలో పులుపు తగ్గడానికి కాస్త సున్నపుతేట కలిపాడు. ఆకుపచ్చ నీళ్ళు పైన పోశాం. పదకొండుమందీ నిలబడ్డారు. ఈసారి ఎవరి మొహానా గుడ్డ లేదు. మొదటి డ్రమ్ము దాటిన నీళ్ళలో మందు వేశాడు. గులాబీ రంగు వచ్చింది, కానీ లేతగా. రెండో డ్రమ్ము నీళ్ళలో వేశాడు. ఉందా లేదా అన్నట్టుంది. మూడో గ్లాసులో చుక్కలు వేసి, పైకెత్తి వెలుతురులో పట్టుకున్నాడు. మేమందరం మెడలు సాచి చూశాం.

"ఏ రంగుంది?" అన్నాను.

"నీళ్ళ రంగు," అన్నాడు. గ్లాసు పట్టుకున్న మనిషి ఏడుస్తున్నాడు. మా మేస్త్రి వెళ్ళి అతన్ని కావలించుకున్నాడు. నాకూ వెళ్ళాలనిపించింది, కుళాయి కట్టేసే వంకతో ఉండిపోయాను.

ఆ మధ్యాహ్నమే అధికారిణి వచ్చి సీసాలు నింపుకుని, మూతల మీద సంతకాలు చేయించుకుని వెళ్ళింది. నాలుగు రోజులకి ఫలితం ఆఫీసుకి వచ్చింది. ఆ కాగితం అందుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది నేను కాదు, మా బావమరిది. "ఒకటి పాయింట్ నాలుగు! మూడు దాటకూడదంటే ఒకటి పాయింట్ నాలుగు బావా!" సీలు ఆ రోజే తీశారు. పనివాళ్ళు మర్నాటి నుంచి రావచ్చు. నవ్విన నాపచేనే పండుతుందని మా ఆవిడ నాకు వినిపించేలా రెండుసార్లు అంది.

తమ్ముడి చొక్కా మీద మట్టి దులపబోయి, జేబులో ఇంకో కాగితం చూసింది. ఇదేంట్రా అని తీసింది. అది కూడా ఆ రోజు వచ్చిందే. కొత్త మడ్డిలో కాస్త ఎరువు పరీక్షకి పంపాడట. నికెల్ హద్దులోపలే ఉంది, తోటలకి వాడుకోవచ్చు. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన కాగితాన్ని జేబులో పెట్టుకుని, నా కాగితం పట్టుకుని గంతులేస్తున్నాడు ఆ మనిషి. చదివి నేను తలెత్తలేకపోయాను. "మరి చెప్పవేంరా," అన్నాను. "అడగలేదుగా," అన్నాడు.

మర్నాడు షాపుకి వచ్చాడు. మొదటి డ్రమ్ములో మడ్డి నికెల్‌తో నిండిపోయింది, మార్చాలి. పాత మడ్డిని మూతవున్న ఇనుప పీపాలోకి తోడించాడు. అది నల్లమట్టే, చూడ్డానికి మామూలుగానే ఉంది. ఇంతకుముందు మా నీళ్ళలో ఆకుపచ్చగా మెరిసిందంతా ఇప్పుడు అందులో ఉంది.

"దీన్ని బండి ఎక్కించనా?" అన్నాను. "మీ గుట్టమీదే కదా పొయ్యాలి."

"ఇది అక్కడికి రాదు బావా. లోహాలు పాతిపెట్టే చోటు వేరే ఉంది, మూడు నెలలకోసారి వాళ్ళ లారీ వస్తుంది. అప్పటిదాకా షాపులోనే ఉండాలి. మీ కుర్చీకి కనిపించేట్టు పెట్టుకోండి. మూత సడలితే మీకే తెలియాలి."

"మూడు నెలలు నా ఎదురుగానా? నీ దగ్గర అంత స్థలముందిగా, ఓ మూల పడేసుకోకూడదూ?"

అతను జేబులోంచి ఒక పసుపుపచ్చ చీటీ తీసి, పీపా మీద అంటించి అరచేత్తో నున్నగా రుద్దాడు. లోపలున్నదేమిటి, ఎంత బరువు, ఏ తేదీ అన్నీ అప్పటికే రాసి ఉన్నాయి. కింద ఒక గీత ఖాళీగా ఉంది, దాని పక్కన "ఎవరిది" అని ఉంది. పెన్ను నా చేతికిచ్చాడు.

"తొమ్మిదేళ్ళు నా దగ్గరే దాచారుగా బావా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. "ఇంక మీది మీరు ఉంచుకోండి."

పదకొండుమంది పని ఆపి చూస్తున్నారు. నేను వంగి, ఆ గీత మీద నా పేరు రాశాను.